కామిక్ కాన్‌కు పిట్టల దొర వస్తే

బెంగళూరు కామిక్ కాన్ అంటే ఏమిటో మన బడిలో ఎనిమిదో తరగతి దాటిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. అమ్మానాన్నలకు మాత్రం కొంచెం చెప్పాలి. వైట్‌ఫీల్డ్‌లో కేటీపీఓ అని పెద్ద ఎగ్జిబిషన్ హాలు ఉంది. కొన్నేళ్లుగా అక్కడ శని, ఆదివారాలు చూసుకుని జరిగే జాతర ఇది. కామిక్ పుస్తకాలు, బొమ్మలు, టీషర్టులు అమ్మే అంగళ్లు ఉంటాయి. వీడియో గేములు ఆడుకునే చోటు ఉంటుంది. ఒక స్టేజీ ఉంటుంది. వీటన్నిటి మధ్య నరుటో, లూఫీ, బ్యాట్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ వేషాలు వేసుకుని మనుషులు తిరుగుతుంటారు. ఆ వేషాలు వేయడాన్నే కాస్‌ప్లే అంటారు.

నేను రాస్తున్నది ఈ కాస్‌ప్లే గురించే. అంగళ్ల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, డబ్బులుంటే కొనుక్కుంటాం, లేకపోతే చూసి వస్తాం. గేముల గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు మా తరగతిలోనే నలుగురు ఉన్నారు, వాళ్లు రాస్తే బాగుంటుంది.

కాస్‌ప్లే మీద మన బడిలో రెండే రెండు మాటలు వినబడతాయి. పెద్దవాళ్లు "చదువు మానుకుని ఈ వేషాలేంటి?" అంటారు. పిల్లలు "సూపర్‌గా ఉంది" అంటారు. ఇద్దరూ ఆ వేషాన్ని సరిగ్గా చూడరు. నాటకం వేస్తే మనం అలా వదిలేయం కదా. ఫలానా అబ్బాయి డైలాగు బాగా చెప్పాడు, ఫలానా అమ్మాయి కిరీటం జారిపోయింది, దుర్యోధనుడు నవ్వాపుకోలేకపోయాడు అని వారం రోజులు చెప్పుకుంటాం. కాస్‌ప్లేను కూడా అలాగే చూసి, బాగుంటే బాగుందని, లేకపోతే ఎందుకు లేదో చెప్పాలి.

నాటకానికి మన తెలుగు టీచరు చెప్పిన కొలత ఒకటి ఉంది. భరతుడి నాట్యశాస్త్రం ప్రకారం అభినయం నాలుగు రకాలు. ఒంటితో చేసేది ఆంగికం, మాటతో చేసేది వాచికం, బట్టలతో నగలతో రంగులతో చేసేది ఆహార్యం, మనసులోంచి వచ్చేది సాత్వికం. ఈ నాలుగింటినీ పక్కన పెట్టుకుని చూస్తే మన ఊరి కాస్‌ప్లేలో ఆహార్యానికి నూటికి తొంభై మార్కులు ఇవ్వొచ్చు. ఆంగికానికి ముప్పై అయిదు, అంటే పాస్. వాచికానికి సున్నా. సాత్వికం వాచికం తర్వాతే కాబట్టి దాని మాట ఎత్తడం లేదు.

ఇది ఎందుకిలా అయిందో చూసే ముందు కొంచెం చరిత్ర. 1939లో న్యూయార్క్‌లో సైన్స్ ఫిక్షన్ అభిమానుల మొదటి ప్రపంచ సభ జరిగింది. దానికి ఫారెస్ట్ అకర్‌మన్ అనే అభిమాని రాబోయే కాలం మనిషిలా వేషం వేసుకుని వెళ్లాడు. ఆయన బట్టలూ, తన బట్టలూ కుట్టింది ఆయనతో పాటు వెళ్లిన మర్టిల్ డగ్లస్. పేరు ఆయనకు వచ్చినంతగా ఆవిడకు రాలేదు, అది వేరే కథ. తర్వాత 1970లో శాన్‌డియాగోలో కామిక్ కాన్ మొదలైంది, మొదటిసారి ఒక హోటల్లో వంద మందితో. కాస్‌ప్లే అనే మాట మాత్రం 1980ల్లో జపాన్‌లో పుట్టింది. కాస్ట్యూమ్‌లోంచి కాస్, దానికి ప్లే కలిపారు. మన దేశానికి ఈ జాతర 2011లో వచ్చింది. జతిన్ వర్మ మొదలుపెట్టిన కామిక్ కాన్ ఇండియా ఢిల్లీ హాట్‌లో మొదటిసారి జరిపింది. మరుసటి ఏడాది, 2012లో, బెంగళూరు కోరమంగల ఇండోర్ స్టేడియంకి వచ్చింది. హైదరాబాద్‌లో 2013లో. 2024 మొదట్లో ఈ మొత్తం కంపెనీని గేమింగ్ పోటీలు నడిపే నోడ్విన్ 55 కోట్లకు కొనుక్కుంది. అంటే ఇప్పుడిది అభిమానుల సరదా మాత్రమే కాదు, పెద్ద వ్యాపారం. వ్యాపారం అయినంత మాత్రాన చెడ్డది కాదు. మన సినిమా కూడా వ్యాపారమే.

ఆహార్యానికి తొంభై మార్కులు ఊరికే ఇవ్వలేదు. మా వీధిలో ఒక అక్క ఇంజనీరింగ్ చదువుతోంది. ఒక గేములోని యోధురాలి కవచం చేయడానికి మూడు నెలలు పట్టింది ఆమెకు. ఆ పని నేను పక్కన కూర్చుని చూశాను కాబట్టి చెబుతున్నాను. మొదట బొమ్మను కంప్యూటర్లో చూసి, తన కొలతలకు తగ్గట్టు పాత న్యూస్‌పేపర్ల మీద ముక్కలు గీసుకుంది. భుజం ముక్క ఒక్కటే నాలుగుసార్లు గీసింది, ఎందుకంటే కాగితం మీద సరిగ్గా ఉన్నది చెయ్యి ఎత్తితే మెడకు గుచ్చుకునేది. ఆ ముక్కల్ని ఫోమ్ షీట్ మీద పెట్టి కట్టర్‌తో కోసింది. ఫోమ్ అంటే యోగా చాపలాంటిదే, కొంచెం గట్టిది. దాన్ని హీట్ గన్‌తో వేడి చేస్తే అప్పడంలా వంగుతుంది. వేడిగా ఉన్నప్పుడే మోకాలికో గిన్నెకో అదిమి పెట్టి చల్లారేదాకా పట్టుకోవాలి. అతుకులకు జిగురు రెండు వైపులా రాసి, ఆరనిచ్చి, అప్పుడు అతకాలి. తొందరపడితే ఊడిపోతుంది. ఆ పైన రంగు పీల్చుకోకుండా ఒక పూత, దాని మీద నలుపు, దాని మీద వెండి రంగు, మళ్లీ అంచుల్లో గీతలు పడ్డట్టు ముదురు రంగు. కత్తిలో వెలిగే లైట్లకు ఎస్‌పీ రోడ్డుకు వెళ్లింది. లోపలి గుడ్డ చిక్‌పేటలో కొన్నది. ఆ రోడ్లలో తిరగడం కూడా ఈ పనిలో సగం.

ఇందులో లెక్కలున్నాయి, కుట్టుపని ఉంది, కరెంటు పని ఉంది, ఓపిక ఉంది. "టైం వేస్ట్" అనేవాళ్లు ఆ అక్క పక్కన ఒక సాయంత్రం కూర్చోవాలి. మా లెక్కల సారు కూర్చుంటే నిష్పత్తుల పాఠానికి ఉదాహరణలు దొరుకుతాయి.

అయితే అంత చేసి, ఆ కవచం వేసుకుని, ఆటోలో పట్టక మెట్రోలో నిలబడి హాలుకు చేరాక ఏం చేస్తారు? నిలబడతారు. ఎవరో వచ్చి "ఫోటో?" అంటారు. కత్తి ఎత్తుతారు. ఫోటో అయ్యాక కత్తి దించుతారు. ఇంకొకరు వస్తారు. సాయంత్రం దాకా ఇంతే. మూడు నెలల పనికి ఫలితం ఒక సెకను. మళ్లీ మళ్లీ అదే సెకను. ఎవరూ ఆ యోధురాలిని "నీ ఊరెక్కడ? ఎవరి మీద యుద్ధం?" అని అడగరు. అడిగినా ఆమె చెప్పదు. నవ్వేసి ఫోన్ వైపు చూస్తుంది. కాస్ ఉంది, ప్లే లేదు.

స్టేజీ మీద జరిగే పోటీల్లో కొంత ఆట ఉంటుందని ఒప్పుకోవాలి. ఇండియన్ చాంపియన్‌షిప్ ఆఫ్ కాస్‌ప్లే అని దేశం మొత్తానికి ఒక పోటీ ఉంది. అందులో గెలిచినవాళ్లు అమెరికాలో చికాగోకు వెళ్లి మిగతా దేశాల వాళ్లతో పోటీపడతారు. ఆ స్థాయిలో వాళ్లు పాట పెట్టుకుని చిన్న కథ నటిస్తారు, వెనక సీను కూడా పెట్టుకుంటారు. కానీ అక్కడ కూడా మాటలు ముందే రికార్డు చేసినవే ఎక్కువ. మనిషి నోటిలోంచి అప్పటికప్పుడు, ఎదురుగా ఉన్నవాళ్లకు జవాబుగా వచ్చే మాట ఉండదు. అదొక్కటే నా ఫిర్యాదు. అది చిన్న ఫిర్యాదు కాదని చెప్పడానికే ఇదంతా.

మా అవ్వది హిందూపురం దగ్గర పల్లె. కామిక్ కాన్ ఫోటోలు చూపిస్తే ఆమె అన్న మొదటి మాట: "ఓ, పగటేసాలా!" పగటివేషాలంటే ఏమిటో మన పాఠకుల్లో చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు. నాటకం, తోలుబొమ్మలాట, యక్షగానం రాత్రిపూట దీపాల వెలుతురులో జరిగేవి. వీళ్లు పట్టపగలు వేషం కట్టి వీధిలోకి వస్తారు, అందుకే ఆ పేరు. స్టేజీ లేదు, తెర లేదు, టికెట్టు లేదు. కొన్ని రోజులు ఊళ్లో మకాం పెట్టి రోజుకొక వేషం చూపిస్తారు. చివరి రోజున ఇంటింటికీ వచ్చి ఇచ్చింది పుచ్చుకుంటారు. ఆంధ్రలో కూచిపూడి వాళ్లు ఈ వేషాల్లో పెద్ద పేరున్నవాళ్లు. కర్ణాటకలో దీన్నే హగలువేష అంటారు. ఇక్కడ ఆ వేషాలు కట్టేవాళ్లలో బుడగ జంగాలు చాలామంది. వాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే. అంటే మనలాగే కర్ణాటకలో ఉన్న తెలుగువాళ్లు. వీధిలో కన్నడం, ఇంట్లో తెలుగు. ఈ సంగతి తెలిశాక నాకు పగటివేషాలు అవ్వ ఊరి ముచ్చటగా కాక, మన సొంత విషయంగా అనిపించాయి.

వాళ్ల ఆహార్యం తక్కువేం కాదు. అర్ధనారీశ్వర వేషాన్నే చూడండి. ఒకే మనిషి, ముఖం మధ్యలో గీత గీసినట్టు సగం శివుడు, సగం పార్వతి. ఒక వైపు జటలు, విభూది, పాము. ఇంకో వైపు జడ, చీర, ముక్కుపుడక. చేతిలో గుడ్డ అడ్డం పెట్టుకుని ఒక వైపు తిరిగితే శివుడు, రెండో వైపు తిరిగితే పార్వతి. తిరిగినప్పుడల్లా గొంతు మారాలి, నడక మారాలి, చెయ్యి తిప్పే తీరు మారాలి. ఫోటో తీస్తే ఇందులో సగమే వస్తుంది. చూడాలంటే ఎదురుగా నిలబడి చూడాల్సిందే.

ఇంక పిట్టల దొర. తుపాకి రాముడు అంటారు, తెలంగాణలో లత్కోరు సాబ్ అని కూడా అంటారు. ఆయన ఆహార్యం చూస్తే కామిక్ కాన్‌లో ఎవరూ ఫోటో అడగరు. పాత ఖాకీ చొక్కా, కొలత సరిపోని ప్యాంటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. అంతే. మిగతాదంతా నోరే. అవ్వ చేసి చూపించింది. దొర వచ్చి అరుగు ముందు నిలబడి, "నిన్న పెనుకొండ కొండ మీద పులిని కొట్టినా. పులి పడలా. పులి వెనకాల కొండ పడింది. కలెక్టరు వచ్చి కొండను లేపి పెట్టమని బతిమాలుకున్నాడు, సరే రేపొస్తాలే అన్నా. ఈ పూట మీ ఇంట్లో రాగిసంకటి ఉందేమో కనుక్కుని పోదామని ఇట్లొచ్చినా" అనేవాడట. ఎవరైనా "తుపాకిలో గుండు ఉందా దొరా?" అని అడిగితే "గుండు ఉంటే తుపాకి ఎందుకు, చేత్తోనే ఇసురుతా" అనేవాడట. అవ్వకు ఇప్పుడు డెబ్బై దాటాయి. చిన్నప్పుడు విన్న ఆ మాటలు ఇంకా ఉన్నాయి. చొక్కా ఏ రంగు అంటే మాత్రం కొంచెం ఆలోచించింది.

నేను చెప్పదలచుకున్న తేడా ఇదే. కాస్‌ప్లేలో చూసేవాడు బొమ్మతో పోల్చుకుంటాడు, అచ్చం అలాగే ఉందా లేదా అని. పోలిక కుదిరిందా, పని అయిపోయింది. పగటివేషంలో చూసేవాడు వాదన పెట్టుకుంటాడు, ప్రశ్న అడుగుతాడు, ఎగతాళి చేస్తాడు. వేషగాడు దానికి జవాబివ్వాలి. ఇవ్వలేకపోతే ఆ రోజు బియ్యం తక్కువ పడతాయి. చూసేవాడికి కూడా ఆ ఆటలో చోటుంది.

జపాన్‌లో కామికెట్ అని ఒకటుంది. అభిమానులు సొంతంగా గీసి, అచ్చేసుకున్న పుస్తకాలు అమ్ముకునే సంత. 1975 డిసెంబరులో దాదాపు 700 మందితో మొదలై ఇప్పుడు లక్షల్లోకి వెళ్లింది. ఇప్పటికీ నడిపేది వలంటీర్లే. అక్కడ ఒక పద్ధతి ఉంది. అమ్మేవాడు, కొనేవాడు, వేషం వేసినవాడు, గేటు దగ్గర నిలబడినవాడు అందరినీ "పాల్గొనేవాళ్లు" అంటారు, కస్టమర్ అని ఎవరినీ అనరు. ఆస్ట్రేలియాలో సిడ్నీలో స్మాష్ అనే అనిమే పండగ 2007లో మొదలైంది, దాన్నీ వలంటీర్లే నడుపుతారు. అదే దేశంలో సూపనోవా లాంటి పెద్ద వ్యాపార పండగలూ ఊరూరా తిరుగుతుంటాయి. రెండూ ఉండొచ్చు. మన దగ్గర మాత్రం ప్రస్తుతానికి మనం ఎక్కువగా కస్టమర్లమే. వేషం వేసుకున్నవాళ్లు కూడా టికెట్టు కొనుక్కుని వచ్చి, పక్కవాళ్లకు ఉచితంగా అందాన్ని ఇచ్చి వెళ్తున్నారు.

ఇంతవరకు చదివి "చూశారా, మన పాతదే గొప్పది" అని పెద్దవాళ్లు సంతోషపడతారేమో. ఒక్క నిమిషం ఆగాలి. పగటివేషాలు ఎవరు కట్టేవాళ్లు? ఇష్టమైనవాళ్లు కాదు. ఫలానా కులంలో పుడితే కట్టాలి, కట్టకపోతే పొట్ట గడవదు. మెచ్చుకున్న ఊరే వాళ్లను ఊరి బయట డేరాల్లో ఉంచేది. వేషాల్లో కూడా కోమటి మీద, ఎరుకల వాళ్ల మీద, లంబాడీల మీద, ఫకీరు మీద ఎగతాళి ఎంతో ఉండేది. ఆ రోజుల్లో నవ్వేవాళ్లు. ఇప్పుడు మన తరగతిలో ఆ పిల్లలందరూ ఉన్నారు, వాళ్ల ముందు ఆ మాటలు అనగలమా? ఇంకొకటి, ఆడ వేషాలు కూడా మగవాళ్లే కట్టేవాళ్లు. అవ్వ తలుపు చాటు నుంచి చూసింది కానీ వీధిలోకి వచ్చి వేషం కడతానని అనే వీలే లేదు.

కాస్‌ప్లే ఈ విషయంలో ఎన్నో మెట్లు పైన ఉంది. ఎవరైనా ఏ వేషమైనా వేయొచ్చు. అమ్మాయి నరుటో కావొచ్చు, నల్లగా ఉన్నవాళ్లు తెల్లగా ఉన్న పాత్ర వేయొచ్చు, లావుగా ఉన్నవాళ్లు సూపర్‌మ్యాన్ కావొచ్చు. కులం పేరు ఎవరూ అడగరు. 2014లో న్యూయార్క్ కామిక్ కాన్‌లో పెద్ద బోర్డులు పెట్టారు: వేషం వేసుకున్నంత మాత్రాన ముట్టుకోవడానికి ఒప్పుకున్నట్టు కాదు, ఫోటోకు ముందు అడగండి అని. ఆ మర్యాద ఇప్పుడు చాలా దేశాల్లో పాటిస్తున్నారు. మన పెళ్లిళ్లలో, జాతరల్లో ఆడపిల్లల ఫోటోలు అడక్కుండా తీసేవాళ్లు ఈ ఒక్క విషయం నేర్చుకుంటే చాలు. కాబట్టి పగటివేషంలోని నోరు కావాలి, దాని వెనకున్న ఊరు వద్దు.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మన పిల్లలందరూ మొదట వేసేది కాస్‌ప్లే కాదు, పగటివేషమూ కాదు, ఫ్యాన్సీ డ్రెస్. ఆ మధ్య ఒక చోట (పేరు వద్దు) బడుల మధ్య ఫ్యాన్సీ డ్రెస్ పోటీ చూశాను. ఒక పిల్లాడు అద్దె అంగడి నుంచి తెచ్చిన వ్యోమగామి సూటులో వచ్చాడు. తెల్లగా మెరుస్తోంది, హెల్మెట్ కూడా ఉంది. "ఐ యామ్ యాన్ ఆస్ట్రోనాట్" అన్నాడు, లోపలి నుంచి సరిగ్గా వినబడలేదు, దిగి వెళ్లిపోయాడు. ఇంకో పిల్ల వాళ్ల అమ్మ చీర మడిచి కట్టుకుని, తలమీద నిజమైన బుట్ట పెట్టుకుని కూరలమ్మే ఆమెగా వచ్చింది. "టమాట కిలో నలభై, మీ కోసమని ముప్పై అయిదు, జడ్జి మేడంకైతే ఉత్తినే" అని మొదలుపెట్టి బేరం ఆడింది. ముందు వరసలో కూర్చున్నవాళ్లు నిజంగానే ధర తగ్గించమని అడిగారు. ఆమె తగ్గలేదు. హాలంతా నవ్వింది. మొదటి బహుమతి వ్యోమగామికి వచ్చింది. ఆ పిల్లకు ఓదార్పు బహుమతి కూడా రాలేదు. జడ్జీలు పెద్దవాళ్లు, చదువుకున్నవాళ్లే. కానీ వాళ్లు చూసింది ఫోటోకు ఏది బాగుంటుందో. ఆ పిల్ల మరుసటి ఏడాది అద్దె సూటు అడుగుతుంది, తప్పేముంది? కూరలమ్మడం దండగని పెద్దవాళ్లే నేర్పించారు కదా. కామిక్ కాన్‌కు వెళ్లిన పెద్ద పిల్లలు నోరు మూసుకుని నిలబడడం యూకేజీలోనే మొదలవుతోంది.

భాష కూడా ఇక్కడే అడ్డం పడుతోందని నా అనుమానం. మనం చూసే అనిమే జపనీస్‌లోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. ఆ పాత్రకు మన నోట్లో మాట లేదు. అందుకే బట్టలు మాత్రమే తెచ్చుకుంటున్నాం. అయితే ఈ సాకు కూడా పోతోంది. సోలో లెవెలింగ్ తెలుగులో వచ్చింది. డీమన్ స్లేయర్ ఇన్‌ఫినిటీ కాజిల్ 2025 సెప్టెంబరులో మన థియేటర్లలో తెలుగులో కూడా ఆడింది. జెనిత్సు భయంతో ఏడుస్తూ తెలుగులో అరిస్తే ఎంత బాగుంటుందో చూసినవాళ్లకు తెలుసు. ఆ వేషం వేసుకున్నవాళ్లు హాలు మధ్యలో తెలుగులో ఏడిస్తే ఎవరు కాదంటారు? పక్కన ఉన్నవాళ్లకు అర్థం కాకపోతే కన్నడంలో ఏడవొచ్చు. మనకు రెండూ వచ్చు కదా.

సొంత భాషలో బొమ్మల కథలు చిన్న విషయమని అనుకోకూడదు. అమర్ చిత్ర కథ మనందరికీ తెలుసు. దాని సంపాదకుడు అనంత్ పాయ్ పేరూ తెలుసు. ఇంగ్లీషు అమర్ చిత్ర కథలు 1వ నంబరుతో కాదు, 11వ నంబరు నుంచి మొదలవుతాయి. ఎందుకంటే మొదటి పది పుస్తకాలు కన్నడంలో వచ్చాయని వాటి వెనకున్న జి.కె. అనంతరామ్ చెప్పారు. ఆయన బెంగళూరులో ఇండియా బుక్ హౌస్ పని చూసేవారు. అంటే దేశంలో అందరికంటే పేరున్న కామిక్స్ మన ఊళ్లో, మన పక్క భాషలో మొదలయ్యాయి. తెలుగు వాళ్లకు 1947 జూలై నుంచి చందమామ ఉండేది. 2023 జూలైలో ప్రభాస్ సినిమా పేరు 'కల్కి 2898 ఏడీ' అని మొదటిసారి చెప్పింది హైదరాబాద్‌లో కాదు, శాన్‌డియాగో కామిక్ కాన్‌లో. అంత దూరం వెళ్లి తెలుగు సినిమా వేషాలు చూపించి రాగలిగినప్పుడు, వైట్‌ఫీల్డ్ దాకా మెట్రోలో వెళ్లడానికి మనకేం కష్టం?

ఏ వేషంతో వెళ్లాలి అని అడిగితే, మాయాబజార్ ఘటోత్కచుడు అని చాలామంది అంటారు. బాగానే ఉంటుంది, గద ఫోమ్‌తో చేసుకోవచ్చు, ఎస్వీ రంగారావు నవ్వు నేర్చుకోవాలి, అదే కష్టం. నాకైతే ఇంకా మంచిది ఒకటి తోచింది. చందమామలో భేతాళ కథల పైన ప్రతి నెలా ఒక బొమ్మ వచ్చేది. శంకర్ గీసిన బొమ్మ. ఆయన అసలు పేరు కె.సి. శివశంకరన్, 2020లో చనిపోయారు. చేతిలో కత్తి, భుజం మీద శవం, శ్మశానంలో నడిచి వస్తున్న విక్రమార్కుడు. మా తాత ఇంట్లో పాత సంచికలున్నాయి కాబట్టి నేను చూశాను. మీలోనూ చాలామంది చూసే ఉంటారు. ఆహార్యానికి పెద్ద ఖర్చు లేదు. కిరీటం అట్టతో అవుతుంది, కత్తి మా వీధి అక్క చేసిపెడుతుంది, భేతాళుడికి తెల్ల పంచె, తెల్ల రంగు, విరబోసిన జుట్టు.

దీని అసలు గొప్ప ఏమిటంటే ఈ వేషం మాట లేకుండా నిలబడదు. భేతాళుడు కథ చెప్పాలి, చివర్లో ప్రశ్న అడగాలి. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం పోయి భేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. హాల్లో ఎవరైనా "ఫోటో?" అని వస్తే భేతాళుడు "ముందు ఈ కథ విను" అనొచ్చు. రెండు నిమిషాల కథ, ఒక చిక్కు ప్రశ్న. వచ్చినవాడు జవాబు చెబితేనే ఫోటో. ఫోన్ పట్టుకుని వచ్చినవాడు కూడా అప్పుడు విక్రమార్కుడైపోతాడు.

ఈ లోపల మన బడి వార్షికోత్సవానికి ఫ్యాన్సీ డ్రెస్ పోటీ ఉంది. టీచర్లకు, పేరెంట్స్ కమిటీకి నా విన్నపం ఇది. అద్దె బట్టలు వద్దని రాయండి. బట్టలకు ఇరవై మార్కులు చాలు. మూడు నిమిషాలు మాట్లాడాలని పెట్టండి, తెలుగులో గానీ కన్నడంలో గానీ. ముందు వరస వాళ్లు రెండు ప్రశ్నలు అడగాలి, వేషం లోపలి నుంచే జవాబు రావాలి. చిన్న పిల్లలు భయపడితే ఒక ప్రశ్న చాలు. పెద్ద తరగతుల వాళ్లకు విడిగా ఇద్దరిద్దరి పోటీ పెడితే భేతాళుడి పేరు నేను ఇప్పుడే ఇస్తున్నాను. విక్రమార్కుడు కావాలి. అయిదున్నర అడుగులు ఉండాలి, నన్ను మొయ్యగలగాలి, మూడు నిమిషాలు నోరు మెదపకూడదు. మా తరగతిలో మొదటి రెండూ ఉన్నవాళ్లు ఉన్నారు కానీ మూడోది ఉన్నవాళ్లు ఇంకా దొరకలేదు.